కుంచం, వడ్డీ, ముప్ఫై ఆరు గళ్ళు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి పోయినారు కదా పిల్లలూ? ఆడ స్వామి పడుకొని ఉంటాడు. ఎందుకు పడుకున్నాడని మీ అవ్వను అడిగి చూడండి, తడుముకోకుండా చెప్తుంది: తమ్ముడి అప్పు లెక్క కొలిచి కొలిచి అలసిపోయినాడంట. తలకింద ఉన్నది దిండు కాదు, కుంచం. వడ్లు కొలిచే కుంచమే. నారాయణవనం ఆకాశరాజు కూతురు పద్మావతమ్మను కొండమీది తమ్ముడు శ్రీనివాసుడు పెండ్లి చేసుకోవాల, చేతిలో చూస్తే కాసు లేదు. కుబేరుణ్ణి పిలిపించి అప్పు అడిగినాడు. దేవుడే కదా అని కుబేరుడు ఊరికే ఇచ్చినాడా? పత్రం రాయించుకున్నాడు. బ్రహ్మ ఒక సాక్షి, శివుడు ఒక సాక్షి, రావిచెట్టు ఇంకో సాక్షి. కలియుగం ఉన్నన్నాళ్ళూ వడ్డీ కట్టేది, యుగం చివర్లో అసలు తీర్చేది అని మాట. హుండీలో మనం వేసే రూపాయి ఆ వడ్డీకే పోతుందని పెద్దల నమ్మకం. వడ్డికాసులవాడని పిలుచుకునేది అందుకే.

"దేవుడు గూడా అప్పు చేసినాడా తాతా?" అని మా చిన్నోడు కండ్లు ఇంత చేసుకొని అడిగినాడు. చేసినాడురా. అప్పు చేసినందుకు ఆయన్ను తక్కువగా చూసినోళ్ళు ఎవరూ లేరు. తక్కువయ్యేది అప్పు చేసినందుకు కాదు, చెప్పిన నాటికి కట్టనందుకు. ఇంకో సంగతి చూడండి. ఈ కథలో పత్రం ఉంది, సాక్షులు ఉన్నారు, గడువు ఉంది, కొలిచే మనిషి ఉన్నాడు. ఇప్పటికీ కొండమీద హుండీ డబ్బు రోజూ లెక్కపెట్టే చోటు ఉంది, పరకామణి అంటారు. బయటినుంచి భక్తులు గూడా సేవకు పోయి కూర్చొని నాణేలు ఏరుతారు, నోట్లు కట్టలు కడతారు.  మన ఇండ్లల్లో అప్పులుంటాయి గాని ఆ పరకామణి ఉండదు. ఈ పొద్దు నేను చెప్పబోయేది దాని గురించే.

ముందు వడ్డీ సంగతి తేల్చుకుందాం. మన పక్క ఎవరూ ఏడాదికి ఇంత శాతం అనరు. "నూటికి రెండు" అంటారు. నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలు. వినేదానికి ఎంత చిన్నగా ఉంది! రెండు రూపాయలకు ఈ కాలంలో ఏం వస్తుంది? అదే లక్షకు వేయండి: నెలకు 2,000, ఏడాదికి 24,000. వడ్డీ మాత్రమే పెరుగుతూ పోతే, అంటే బారువడ్డీ అయితే, 50 నెలలకు లక్షకు లక్ష వడ్డీ అవుతుంది. కట్టని వడ్డీని ప్రతి నెలా అసలులో కలిపితే, అదే చక్రవడ్డీ, 35 నెలలకే రెండు లక్షలు. పదిహేను నెలలు యాడికి పోయినాయి? వడ్డీకి పుట్టిన వడ్డీ మింగేసింది.

దీనికొక ముచ్చటైన కిటుకు ఉంది, నేర్చుకోండి. 72ను వడ్డీతో భాగించండి. నూటికి రెండు అయితే 72లో రెండో వంతు, 36 నెలలు. చక్రవడ్డీలో దగ్గర దగ్గర అంత కాలానికి అప్పు రెండింతలు. నూటికి మూడు అయితే 24 నెలలు. కాగితం లేకుండా, ఫోను తీయకుండా, వడ్డీ వ్యాపారి ఎదురుగా కూర్చున్నప్పుడే మనసులో వేసుకోవచ్చు. ఆ మాట చెప్పగానే మా పెద్దపిల్ల వేళ్ళమీద లెక్క కట్టి, "నూటికి ఆరు అయితే ఏడాదికే రెండింతలు!" అని అరిచింది. సరిగ్గా చెప్పింది. తెలుసుకున్న మాట చేతికి పనిముట్టుగా వచ్చినప్పుడు ఆ ముఖంలో కనిపించే వెలుగు కోసమే నేను ఇవన్నీ చెప్తా ఉంటాను.

ఈ వడ్డీమీద వడ్డీ గురించి మనవాళ్ళు ఎప్పటినుంచో తల పగలగొట్టుకున్నారు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు తన గణితంలో దీనికొక సూత్రం రాసినాడు. ఆ జాతి లెక్క ఒకటి చెప్తా, మీరే విప్పండి. నూరు రూపాయలు అప్పిచ్చినాను, నెలకు వచ్చే వడ్డీ ఎంతో చెప్పను. ఆ వచ్చిన వడ్డీని అదే ధరకు ఇంకొకరికి నాలుగు నెలలు అప్పిచ్చినాను. ఆ వడ్డీ, దాని వడ్డీ కలిపి ఆరు రూపాయలు అయినాయి. నెలకు వడ్డీ ఎంత? అయిదు. అయిదుకు నాలుగు నెలల్లో ఒక రూపాయి వడ్డీ, మొత్తం ఆరు. జవాబు తెలిశాక సులువే, తెలియకముందు వర్గ సమీకరణం విప్పాల. పదకొండో శతాబ్దంలో మన పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినాడు. లెక్కలను పద్యాలుగా పాడుకున్న జాతి మనది!

యూరోపులో 1683లో యాకోబ్ బెర్నూలీ అనే ఆయన ఇంకొక వింత ప్రశ్న వేసుకున్నాడు. రూపాయికి ఏడాదికి రూపాయి వడ్డీ అనుకుందాం. ఏడాది చివర్లో కలిపితే రెండు రూపాయలు. ఆరు నెలలకోసారి కలిపితే 2.25. నెలనెలా కలిపితే 2.61. రోజూ కలిపితే 2.71. గంట గంటకూ, నిమిష నిమిషానికీ కలుపుతూ పోతే? ఆకాశానికి పోతుందేమో అనుకుంటాం. పోదు. 2.718 దగ్గర ఆగిపోతుంది. ఆ సంఖ్యనే తరవాత అందరూ 'ఇ' అన్నారు. సూక్ష్మజీవులు పెరిగేదానికి, రేడియం తరిగేదానికి, వేడి కాఫీ చల్లారేదానికి అన్నిట్లోనూ ఆ సంఖ్య ఉంది. అది మనిషికి మొదట కనిపించింది మాత్రం అప్పు లెక్కలో!

వడ్డీకి హద్దు ఉండాలని పాతకాలం నుంచీ అనుకున్నారు. ఒక్కసారిగా వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదని మనుస్మృతిలోనే ఉంది. 1938లో చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, రాజాజీ ప్రభుత్వం రైతుల అప్పుల చట్టం ఒకటి తెచ్చింది. 1932 అక్టోబరు ఒకటికి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు ఒకటి నాటికి పేరుకున్న వడ్డీ రద్దు. అసలుకు రెండింతలు అప్పటికే కట్టి ఉంటే మొత్తం అప్పే తీరినట్టు. ఎండిన చెరువుల మధ్య బతికిన రైతుకు ఆ చట్టం ఎంత ఊపిరో మీరు ఊహించుకోవాల. అట్లాంటి చట్టం మళ్ళీ వస్తుందని ఎదురుచూస్తా కూర్చోలేం గాని, ఆ రెండింతల గీటు మనసులో పెట్టుకోవడం మేలు. తెచ్చిన అసలుకు రెండింతలు కట్టేసినా అప్పు ఇంకా అట్లే ఉందంటే, ఆ అప్పు మనల్ని తింటా ఉందని గుర్తు.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూద్దాం. ఫలానా వాళ్ళని కాదు, తిరుపతి బస్టాండు దగ్గర టిఫిను బండి పెట్టుకున్న ఇల్లు అనుకోండి. నోటుబుక్కులో ఒక పేజీ తీసి నాలుగు గీతలు కొట్టినాం. ఎవరికి, బాకీ ఎంత, వడ్డీ ఎంత, ఏ తేదీకి కట్టాల. మొదటిది వారం వడ్డీ. నోటుమీద పదివేలు, చేతికిచ్చింది 8,500, వారానికి వెయ్యి చొప్పున పది వారాలు. రెండోది క్రెడిట్ కార్డు, యాభైవేలు. మూడోది ప్రామిసరీ నోటు రాసి తెచ్చిన లక్ష, నూటికి మూడు. నాలుగోది బ్యాంకులో బండి లోను, నలభైవేలు, ఏడాదికి నూటికి పన్నెండు.

వీటిలో ఏది మొదట తీర్చాలని పిల్లల్ని అడిగితే, అందరూ "లక్ష!" అన్నారు. పెద్దది కదా, భయం దానిమీదే. కానీ చూడాల్సింది అప్పు ఎంత పెద్దదని కాదు, దాని పండ్లు ఎంత పదునని. అన్నీ ఏడాది లెక్కకు తెచ్చినాం. ప్రామిసరీ నోటు 36 శాతం. బండి 12. కార్డు నెలకు మూడున్నర అనుకుంటే ఏడాదికి 42, ఆ వడ్డీమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 50 దగ్గరికి వస్తుంది. ఇంక వారం వడ్డీ. 1,500 పట్టుకున్నాడు, పదివేలకు పదిహేను శాతమే కదా అనిపిస్తుంది. కాదు. పదివేలు మన దగ్గర పది వారాలు ఉండవు. మొదటి వారమే వెయ్యి పోయె, రెండో వారం ఇంకో వెయ్యి. సగటున చూస్తే మన చేతిలో ఉన్నది సగం డబ్బే, వడ్డీ మాత్రం మొత్తానికి. సరిగా లెక్క వేస్తే వారానికి నూటికి మూడు రూపాయల పైన, ఏడాదికి 160 శాతం! అన్నిటికన్నా చిన్న అప్పుకు అన్నిటికన్నా పెద్ద వడ్డీ. ఈ సంగతి బయటపడినప్పుడు అరుగుమీద ఒక్కరు గూడా మాట్లాడలేదు.

కార్డులో ఇంకో మెలిక ఉంది. నెలనెలా వచ్చే బిల్లులో 'మినిమం డ్యూ' అని చిన్న అంకె ఒకటి ఉంటుంది. యాభైవేలకు నూటికి అయిదు చొప్పున 2,500 అనుకోండి. అది కట్టేస్తే ఎవరూ ఫోను చేయరు, హాయిగా ఉంటుంది. ఆ 2,500లో వడ్డీకి 1,750 పోతుంది, వడ్డీమీద జీఎస్టీకి 315 పోతుంది. అసలుకు చేరేది 435. ఒక్క నెల చెమటకు అప్పు తగ్గింది 435 రూపాయలు! వడ్డీ కడతా, అసలు ఎప్పటికో అనే ఏర్పాటు ఏడుకొండలవానికి సరిపోయింది, ఆయనకు గడువు కలియుగాంతం. మనకు గడువు అరవై ఏండ్లు వచ్చేదాకా ఉండే సంపాదన, అందులో పిల్లల చదువు, ఆస్పత్రి, ఆడపిల్ల పెండ్లి. మనం అసలును కొట్టాల్సిందే.

అట్లైతే ఏం చేయాల? ఆ ఇంట్లో బీరువాలో ఇల్లాలి గొలుసు ఉంది. మన జిల్లాలో బంగారం కుదువ పెట్టడాన్ని చిన్నతనంగా చూస్తారు గాని నేను అట్ల అనుకోను. ఏడాదికి 50 శాతం, 160 శాతం వడ్డీలు మెడకు చుట్టుకొని ఉండగా గొలుసు పెట్టెలో మెరుస్తా ఉంటే ఏం సుఖం? బ్యాంకులో ఆ గొలుసుమీద ఏడాదికి నూటికి పది దగ్గర వడ్డీకి అరవైవేలు వస్తే, వారం వడ్డీ పదివేలు, కార్డు యాభైవేలు ఒకే రోజు తీరిపోతాయి. కార్డు ఒక్కదానికే నెలకు రెండువేల పైన పోతా ఉన్న వడ్డీ స్థానంలో మొత్తం అరవైవేలకు నెలకు అయిదు వందలు. మిగిలిన డబ్బు నెలనెలా ప్రామిసరీ నోటు లక్షకు కొట్టాల. కొట్టిన ప్రతిసారీ నోటు వెనకాల చెల్లు రాయించుకోవాల, తీరిన రోజు నోటు చేతికి తీసుకోవాల. ఇందులో ప్రమాదం ఒక్కటే ఉంది. కార్డు ఖాళీ అయింది కదా అని మళ్ళీ గీకితే గొలుసూ పోయినట్టే, అప్పూ ఉన్నట్టే. ఆ కార్డును కొన్నాళ్ళు బియ్యం డబ్బా అడుగున పెట్టమని చెప్తాను.

ఇంక పరపతి. ఊళ్ళలో ఇది ఎప్పుడూ ఉన్నదే. చిత్తూరు బెల్లం మండీలో ఎవరు మాటమీద నిలబడే రైతో, ఎవరు ముఖం తప్పిస్తారో నోటిమాటమీదే నడిచేది. అమెరికాలో 1837లో వ్యాపారాలు కూలిపోయినాక, 1841లో లూయిస్ టాపన్ అనే ఆయన న్యూయార్కులో ఊరూరి వర్తకుల నడవడి పెద్ద పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించే సంస్థ పెట్టినాడు. మన దేశంలో అట్లాంటి సంస్థ సిబిల్ 2000లో మొదలైంది, 2005లో ఇట్లాంటి సంస్థలకొక చట్టం వచ్చింది. ఇప్పుడు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు కంపెనీలు ఈ పని చేస్తున్నాయి. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా. 750 దాటితే బ్యాంకు మేనేజరు ముఖం విప్పారుతుంది.

ఈ స్కోరు ఏందో మీకు అర్థం కావాలంటే పాల కేంద్రం తలుచుకోండి. పొద్దున అయిదుకు క్యాన్లు పట్టుకొని పోతామా, ఆయన గరిటెడు పాలు తీసి వెన్న శాతం చూస్తాడు, కార్డులో రాస్తాడు. మీకు ఎన్ని ఎకరాలో రాయడు. ఇల్లు మిద్దెనా కొట్టమా రాయడు. ఏ కులమో రాయడు. ఈ పూట ఎన్ని లీటర్లు పోసినావు, వెన్న ఎంత, అంతే. సిబిల్ పుస్తకం అట్లాంటిదే. అందులో మీ జీతం స్కోరు లెక్కకు రాదు. లక్ష జీతం ఆఫీసరు వాయిదా తప్పితే స్కోరు పడిపోతుంది, చెనిక్కాయలు కొట్టి బతికే మనిషి తేదీకి కడితే పైకి పోతుంది. నాకు ఇందులో నచ్చిన గుణం ఇదే. పేదవాని మాటకు కాగితంమీద విలువ దొరికింది.

సిబిల్ ఇచ్చే రిపోర్టు దగ్గరగా ఎట్లుంటుందో చూపిస్తా. ఒక్కొక్క అప్పు కింద చిన్న చిన్న గళ్ళు, నెలకొకటి, ముప్ఫై ఆరు నెలలవి. తేదీకి కట్టిన నెలలో సున్నాలు ఉంటాయి. ఆలస్యమైతే ఎన్ని రోజులో ఆ అంకె: 30, 60, 90. తొంభై దాటితే బ్యాంకు ఆ అప్పును మొండిబాకీల వరసలో పెడుతుంది. ఎప్పుడో నాలుగు నెలలు ఆస్పత్రిలో పడితే ఆ నాలుగు గళ్ళూ అట్లే కనిపిస్తాయి. కారణం రాయరు, రోజులు రాస్తారు.

టిఫిను బండి ఇంట్లో జరిగిందీ ఇదే. వారం వడ్డీ మనిషి బండి దగ్గరికొచ్చి పదిమందిలో అరుస్తాడు, కాబట్టి వానికి ముందు కడతారు. బ్యాంకు అరవదు. బండి లోను వాయిదా ఈ నెల తప్పినా, వచ్చే నెల తప్పినా గుమ్మంలోకి వెంటనే ఎవరూ రారు. కానీ అది రాసుకుంటుంది. వారం వడ్డీ మనిషికి పైసా బాకీ లేకుండా కట్టినా సిబిల్‌లో ఒక్క గడి గూడా తెల్లబడదు, ఆయన ఆ పుస్తకంలోనే లేడు. గట్టిగా అరిచేవానికి ముందు, నెమ్మదిగా రాసుకునేవానికి తరవాత కట్టే అలవాటు మన ఇండ్లను శానా దెబ్బతీసింది. అందుకే ముందు బ్యాంకు వాయిదాలన్నీ తేదీకి, మిగిలిన రూపాయి ఎక్కువ వడ్డీమీదికి. ఈ వరస మార్చొద్దు.

అసలు ఈ పుస్తకం లేకపోతే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. 2010 దాకా మైక్రోఫైనాన్సు కంపెనీలు ఊళ్ళలోకి వచ్చి ఆడవాళ్ళకు వారం వాయిదాల అప్పులు ఇచ్చినాయి. ఒకరిచ్చింది ఇంకొకరికి తెలియదు. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు అప్పిచ్చి, ఒక వాయిదా కట్టేదానికి ఇంకో చోట తెచ్చుకునే దాకా పోయింది. ప్రాణాలు తీసుకున్న ఇండ్లు ఉన్నాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి అడ్డుకట్ట వేసింది. ఆ తరవాతే రిజర్వు బ్యాంకు కట్టుబాట్లు పెట్టింది, కంపెనీలు అప్పుల వివరాలు ఈ సంస్థలకు పంపడం మొదలుపెట్టినాయి. 2022 ఏప్రిల్ నుంచి ఇంకో నియమం వచ్చింది: ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి మైక్రోఫైనాన్సు అప్పు ఇచ్చేటప్పుడు, ఆ ఇంటి అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగాన్ని మించకూడదు. ఆ సగం గీటు మనం గూడా గోడమీద బొగ్గుతో రాసుకోవచ్చు. అప్పిచ్చేవాడు లెక్క చూడకపోయినా మనం చూసుకోవచ్చు కదా.

ఇంక పడిపోయిన స్కోరు లేపడం. మొదట రిపోర్టు తెప్పించుకోవాల. నాలుగు కంపెనీలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని 2017 నుంచి నియమం ఉంది. తెలివిగా మూడు నెలలకొకరి దగ్గర తీసుకుంటే ఏడాది పొడుగునా ఉచితంగా చూసుకోవచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం వద్దు. తగ్గేది, ఒకే నెలలో పది చోట్ల లోనుకు అర్జీ పెట్టినప్పుడు.

మా మేనల్లుడు ఇంటి లోనుకు పోతే కాదన్నారు. జీతం బాగుంది, ఒక్క వాయిదా తప్పలేదు, ఎందుకు కాదన్నారో వానికి తెలియలేదు. రిపోర్టు తీస్తే ఎప్పుడో మూసేసినాననుకున్న కార్డు ఒకటి, దానిమీద ఏడాది ఫీజు నాలుగైదు వందలు, అది ఏండ్ల తరబడి బాకీగా పడి ఉంది. కాగితంతో మూయించలేదు, నోటిమాటతో మూసినారనుకున్నాడు. ఆ డబ్బు కట్టి, బాకీ లేదని ఉత్తరం తీసుకొని, రిపోర్టు దిద్దమని ఆన్‌లైనులో ఫిర్యాదు పెట్టినాడు. ఇట్లాంటి ఫిర్యాదుకు 30 రోజుల్లో తీర్పు చెప్పాల. దాటితే రోజుకు నూరు రూపాయలు మనకే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం, 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. అప్పు తీర్చినప్పుడు బాకీ లేదన్న ఉత్తరం తీసుకోకుండా బ్యాంకు మెట్లు దిగొద్దు.

జామీను సంగతి గూడా చెప్పాల. పక్కింటాయన ట్రాక్టరు లోనుకు జామీను సంతకం చేస్తే ఆ అప్పు మన రిపోర్టులో గూడా కనిపిస్తుంది. ఆయన కట్టకపోతే మన పేరూ చెడుతుంది. చేయొద్దని నేను అనను, పల్లెలో ఒకరికొకరు నిలబడకపోతే ఎట్ల? కానీ చేసినాక నెలనెలా "వాయిదా కట్టినావా అబ్బా?" అని అడిగే హక్కు మనకుంది, సిగ్గుపడొద్దు.

స్కోరే లేనోళ్ళు, ఉన్నది బాగా పడిపోయినోళ్ళు చేయదగ్గ పని ఒకటుంది. బ్యాంకులో పదో ఇరవయ్యో వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్టు వేసి, దానిమీద కార్డు అడగండి. డిపాజిట్టు వాళ్ళ దగ్గరే ఉంటుంది కాబట్టి పాత స్కోరు పెద్దగా అడ్డురాదు. ఆ కార్డు పరిమితిలో మూడో వంతు లోపలే, పాలకో కరెంటు బిల్లుకో వాడి, బిల్లు మొత్తం గడువు లోపల కట్టేయండి. మినిమం డ్యూ కాదు, మొత్తం. నెలకొక సున్నాల గడి చేరుతుంది. బ్యాంకులు ఇదివరకు నెలకొకసారి వివరాలు పంపేవి, 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారి పంపే నియమం వచ్చింది. కాబట్టి మన మంచి గూడా తొందరగా ఎక్కుతుంది.

ఫోనులో నిమిషంలో అప్పిస్తామనే యాప్‌ల జోలికి పోయేముందు మాత్రం ఆగండి. అప్పిచ్చే బ్యాంకు లేదా కంపెనీ పేరు కనిపించకపోతే, మీ ఫోను నంబర్లూ ఫోటోలూ అడిగితే, వద్దు. బ్యాంకు అప్పైనా, కంపెనీ అప్పైనా వసూలు మనుషులు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తరవాత ఫోను చేయకూడదు, బూతులు మాట్లాడకూడదు, చుట్టాలకు చెప్పి పరువు తీయకూడదు. చేస్తే ముందు ఆ బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, 14448కి ఫోను చేస్తే దారి చెప్తారు. బెదిరించి డబ్బు లాగే యాప్ అయితే 1930, సైబర్ నేరాల నంబరు. అప్పున్నవానికి గూడా హక్కులున్నాయి, ఆ మాట ఇంట్లో ఆడవాళ్ళకు ముందు చెప్పండి, ఫోను ఎత్తేది వాళ్ళే.

"ఎన్నాళ్ళు పడుతుంది తాతా స్కోరు పెరిగేదానికి?" అని పెద్దపిల్ల అడిగింది. ఆ గళ్ళు మళ్ళీ తలుచుకో అమ్మీ. ముప్ఫై ఆరే ఉంటాయి. నెల గడిస్తే ముందు ఒక కొత్త గడి చేరుతుంది, వెనక పాతది ఒకటి జారిపోతుంది. ఈ నెలనుంచి తేదీకి కడితే ఆరు నెలలకు మొదటి ఆరు గళ్ళూ తెల్లగా ఉంటాయి, స్కోరు కదిలేది అప్పుడే చూస్తావు. కొత్త నడవడికి పాతదానికన్నా బరువు ఎక్కువ. మూడేండ్లు గడిస్తే ఆ వరస మొత్తం నువ్వు కొత్తగా రాసుకున్నదే.

"మరి సెటిల్డ్ అని రాసుంటే?" అన్నాడు చిన్నోడు, యాడ విన్నాడో. మంచి ప్రశ్న. లక్ష బాకీకి అరవైవేలు కట్టు, మాఫీ చేస్తామని బ్యాంకు పిలుస్తుంది చూడు, దానికి ఒప్పుకుంటే రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. తీరినట్టే గాని పూర్తిగా కట్టలేదని దాని భావం, ఇంకో బ్యాంకు దాన్ని చూసి వెనకాడుతుంది. గళ్ళు జారిపోయినంత తొందరగా ఆ మాట జారిపోదు. చేతిలో బొత్తిగా లేనినాడు ఆ దారి పట్టడం తప్పు కాదు, వడ్డీ ఆగుతుంది, ఫోన్లు ఆగుతాయి. తరవాత చేతికి డబ్బు ఆడినప్పుడు అదే బ్రాంచికి పోయి, "అప్పట్లో వదిలేసిన మిగతాది ఎంతో చెప్పండి, కట్టేస్తాను, 'క్లోజ్డ్' అని మార్చండి" అని అర్జీ ఇవ్వాల. ఎంత కట్టాలో, కట్టినాక మారుస్తామన్న మాట గూడా ఉత్తరంలో రాయించుకొని, అప్పుడు కట్టాల. కట్టిన నెల తరవాత రిపోర్టు మళ్ళీ తీసి ఆ ఒక్క మాట మారిందో లేదో చూసుకోవాల. మారకపోతే ఆ ఉత్తరమే జతచేసి ఫిర్యాదు పెట్టు, 30 రోజుల లెక్క ఆ రోజునుంచే మొదలవుతుంది.